పెద్దమ్మ ఇంటి నల్లా

మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. ఊళ్ళో నీళ్ళ పరీక్ష నేర్పించిన ఐదుగురు ఆడవాళ్ళలో నేనూ ఉన్నాను. గాజు గొట్టంలో గీత దాకా నీళ్ళు పట్టి మందు కలిపితే రంగు తేలుతుంది. గులాబీ రంగు నిలిస్తే ఫ్లోరైడ్ తక్కువ, పసుపు పచ్చగా తిరిగితే ఎక్కువ. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి, పళ్ళ మీద చారలొస్తాయి. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్ళు దొరకని చోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు.

పోయిన వారం మా పెద్దమ్మ ఇంటికి పోయాను. అమ్మకు సొంత అక్క. డెబ్బై దాటలేదు గానీ వెన్నుపూస కర్రలా బిగుసుకుపోయింది. ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేదు, మనిషి మొత్తం తిరగాల్సిందే. నల్లా నీళ్ళు పరీక్షిస్తే చక్కటి గులాబీ రంగు. పుస్తకంలో బాగున్నాయని రాసుకున్నాను. ఈలోపు పెద్దమ్మ చాయ్ పెడతానని బిందెలోంచి నీళ్ళు ముంచింది. ఎందుకో అనుమానం వచ్చి, ఆ బిందె నీళ్ళు కూడా గొట్టంలో పోశాను. నా కళ్ళ ముందే పసుపు రంగుకు తిరిగాయి.

"ఇవి ఎక్కడివి పెద్దమ్మా?"

"పక్కింటోళ్ళ బోరువి బిడ్డా. ఆ నల్లా కాడ నేను వంగుతనా?"

బయటికొచ్చి మళ్ళీ చూశాను. నల్లా నేలకు జానెడు ఎత్తులో ఉంది. దాని కింద బిందె పట్టాలంటే కూర్చోవాలి, నిండాక వంగి ఎత్తాలి. పక్కింటివాళ్ళ బోరు ట్యాంకుకు మాత్రం పంపు నడుం ఎత్తులో ఉంది. అరుగు మీద చిన్న బిందె పెట్టి, నిలబడే నింపుకుంటుంది. ఏ నీళ్ళు ఆమె వెన్ను విరిచాయో, వంగలేక మళ్ళీ ఆ నీళ్ళే తాగుతోంది. లెక్కల్లో మాత్రం అది నల్లా ఉన్న ఇల్లు. నేను రాసిందీ అదే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డిగ్రీలో నాది పొలిటికల్ సైన్స్. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక గురించి పరీక్ష కోసం బట్టీ పట్టాను. 1966లో ఐక్యరాజ్యసమితి ఆమోదించింది, 1979లో మన దేశం అందులో చేరింది. తిండి, ఇల్లు, ఆరోగ్యం, చదువు, పని అన్నీ హక్కులేనని, ఉన్న వనరులన్నీ పెట్టి వాటిని సాధించాలని ప్రభుత్వాలు మాటిచ్చాయి. మాట నిలబెట్టుకుంటున్నాయా లేదా అని చూడటానికి జెనీవాలో 18 మంది నిపుణుల కమిటీ ఉంది. ఐదేళ్ళకోసారి ప్రతి దేశం నివేదిక ఇవ్వాలి. ప్రజాసంఘాలు కూడా తమ కళ్ళతో చూసింది వేరేగా రాసి పంపవచ్చు. మన నివేదికను ఆ కమిటీ 2008 మేలో చర్చించింది.

నీళ్ళ హక్కు గురించి అదే కమిటీ 2002లో వివరంగా రాసింది. నీళ్ళు సరిపడా ఉండాలి, శుభ్రంగా ఉండాలి, ధర అందుబాటులో ఉండాలి, మనిషికి చేతికందేలా ఉండాలి. ఆ చివరి మాట మీద అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగలేదు నేను.

జరిగిన మంచిని తక్కువ చేయడం లేదు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్ళు మా ఇళ్ళలోకి వచ్చాయి. ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు తెలంగాణలో ఇక లేవని 2020లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఏడేళ్ళ మా మేనకోడలికి కొత్తగా వచ్చిన ముందు పళ్ళు పాలలా ఉన్నాయి. నా పళ్ళ మీద గోధుమ రంగు చారలున్నాయి, పెళ్ళి ఫొటోల్లో కూడా నోరు మూసుకునే ఉన్నాను. ఆ పిల్ల నవ్వితే మా అమ్మకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అది చిన్న సంగతి కాదు.

కానీ ఆవాసం నీళ్ళు తాగదు, మనుషులు తాగుతారు. ఇప్పటికే వంగిపోయినవాళ్ళు ఏ లెక్కలో ఉన్నారు? పెద్దమ్మను వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపుకు రెండుసార్లు తీసుకుపోయాం. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా లైన్లో నిలబెట్టారు. రెండుసార్లూ వైకల్యం నలభై శాతం లేదని రాశారు. నలభై లేకపోతే పింఛను లేదు. చేతులు ఆడుతున్నాయి కదా అన్నారట. ఆ చేతులతో ఆమె తల దువ్వుకోలేదు. మా చెల్లెలు దువ్వుతుంది.

అందుకే ఇప్పుడు నా పుస్తకంలో కొత్త గడులు గీశాను. నల్లా ఎంత ఎత్తులో ఉంది, ఎవరు పట్టుకొస్తున్నారు, తాగేవి ఏవి, వండేవి ఏవి. నల్లా నీళ్ళు తాగి అన్నం మాత్రం బోరు నీళ్ళతో వండేవాళ్ళు మా వాడలోనే నాలుగిళ్ళవాళ్ళు తేలారు. నల్లా నీళ్ళు మందు వాసన వస్తున్నాయని ఒకామె అంది. పరీక్షకు నల్లా నీళ్ళు కాదు, వంటింటి బిందెలో నీళ్ళు తీసుకుంటున్నాను.

నిన్న తమ్ముడు మూడడుగుల పైపు, రెండు ఎల్బోలు తెచ్చి పెద్దమ్మ నల్లాను నడుం ఎత్తుకు లేపాడు. గంట పని. ఆమె నిలబడి బిందె నింపి, ఒక చేత్తో గోడ పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ పోయి, ఆ బిందెలో నీళ్ళే గొట్టంలో పోస్తాను.