కోరింగ నుంచి వస్తుంటే దారిలో

మడ అడవిలో చెక్క వంతెన, బోటు షికారు గురించి చాలామంది రాశారు, అవి వదిలేస్తున్నాను. కాకినాడ నుంచి ఆటోకి రానూపోనూ తొమ్మిది వందలు తీసుకున్నారు. ఇరవై కిలోమీటర్లు కూడా లేని దూరానికి అది ఎక్కువే.

పాటు వేళ నీళ్ళు దిగిపోయి, వంతెన పక్క బురదలో అడుగులు కనిపించాయి. గోళ్ళ గుర్తులు ఉన్నాయి కాబట్టి కుక్కవే అనుకున్నాను. అక్కడ పనిచేసే ఒకాయన వంగి చూసి, "బావురుపిల్లివండీ. దీని గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు" అన్నారు. వేళ్ళ మధ్య కొంచెం చర్మం కూడా ఉంటుందట. నీళ్ళలోకి దూకి చేపలు పట్టే పిల్లి కదా!

తిరిగొస్తుంటే యానాం రోడ్డు మీద జనం మూగి ఉన్నారు. ఏదో బండి గుద్దేసిన జంతువు. ఒకరు చిరుత పిల్ల అంటున్నారు, ఇంకొకరు పునుగుపిల్లి అంటున్నారు. తల్లి దగ్గర్లోనే ఉంటుందని ఇద్దరు కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని రొయ్యల చెరువు గట్టు వైపు బయల్దేరారు. నాకు నిజంగా భయమేసింది.

పరిగెత్తి వాళ్ళను ఆపి, వెనక్కి తీసుకొచ్చి చూపించాను. చిరుత పిల్లకి తోక పొడుగు, దీని తోక ఒంట్లో సగం కూడా లేదు. మీద నల్ల చుక్కలు వరసలుగా ఉన్నాయి, చిరుతకైతే పువ్వుల్లా ఉంటాయి. పునుగుకి మూతి కోసుగా ఉంటుంది, దీనిది గుండ్రటి మొహం. ఆటో అతను జేబురుమాలుతో చెవి మెల్లగా తిప్పాడు. చిన్న గుండ్రటి చెవి, వెనకాల తెల్ల మచ్చ. బూడిద రంగు బొచ్చు ఇంకా తడిగానే ఉంది. ఇది బావురుపిల్లి అని, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులిని పెట్టిన మొదటి షెడ్యూల్లోనే దీన్నీ పెట్టారని చెప్పాక కర్రలు కింద పడేశారు. అటవీ శాఖకి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాం.

ఆటోలో కూర్చున్నాక మా ఊరు గుర్తొచ్చింది. నల్గొండ దగ్గర మా తాత కోళ్ళ గూటి దగ్గర ఒకదాన్ని కొట్టి చంపి వేపచెట్టుకి వేలాడదీశాడు. బావురుపిల్లి అన్నారు, పిల్లలందరం వెళ్ళి చూశాం. పొడుగు కాళ్ళు, నిక్కిన చెవుల కొసన నల్లటి వెంట్రుకలు నాకింకా గుర్తే. పొలంలో ఎలుకల్ని పట్టే అడవిపిల్లికి ఉంటాయవి.

నాన్నకి ఫోన్ చేశాను.

"తాత చంపిన దానికి ఒంటిమీద చుక్కలున్నాయా?"

కాసేపు మాట్లాడలేదు.

"లేవురా. అంతా ఒకటే రంగు. తోకకే నల్ల కట్లుండేవి. ఆ ఏడు వడ్లన్నీ ఎలకలే తిన్నాయి."