ఇద్దరే ఉన్న బ్యాండ్‌లో తాళం ఎవరిది?

మా ఆయనకు 56, నాకు 53. కిందటేడు మార్చి నుంచి మేమిద్దరం ఒక బ్యాండ్. ఆయనది ఎలక్ట్రిక్ గిటార్, నాది బేస్ గిటార్ (లావు తీగలతో కింది స్వరాలు పలికేది), పాడేది కూడా నేనే. డ్రమ్స్ లేవు. ఇప్పటికి నాలుగు పాటలు కట్టుకున్నాం, మూడుసార్లు జనం ముందు వాయించాం. తెలిసిన చుట్టాలు "భక్తి పాటలా?" అని అడుగుతున్నారు. కాదు, రాక్. మా పాటలు, మేమే రాసుకున్నవి.

ఇదంతా ఒక డ్రాఫ్ట్‌తో మొదలైందని నేను నమ్ముతాను. 1995లో నేను హనుమకొండలో బ్యాంకు క్లర్కుని, డ్రాఫ్టుల కౌంటర్‌లో కూర్చునేదాన్ని. అలహాబాద్ మీద డీడీ కావాలని ఒకతను ఫారం ఇచ్చాడు. అలహాబాద్ అంటే రైల్వే ఉద్యోగాల పరీక్ష ఫీజే అయ్యుంటుందనుకుని "ఏ పరీక్షండీ?" అని అడిగాను. "పరీక్ష కాదు మేడం, పత్రిక" అన్నాడు. రాక్ స్ట్రీట్ జర్నల్. 1993లో అలహాబాద్‌లో మొదలైన పత్రిక అది, మన దేశంలోని రాక్ బ్యాండ్ల గురించి రాసేవాళ్లు. మన దేశంలో రాక్ బ్యాండ్లు ఉంటాయనే నాకు అప్పటిదాకా తెలీదు. ఆ మాటే అన్నాను. పత్రిక రాగానే తెచ్చి కౌంటర్ కింది సందులోంచి లోపలికి తోశాడు. 1997లో మా పెళ్లయింది.

వరంగల్ ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు కొన్న గివ్‌సన్ కంపెనీ గిటార్ ఒకటి ఆయన దగ్గర ఉండేది. నేను విజయనగరం అమ్మాయిని, పందొమ్మిదో ఏడు వచ్చేదాకా వీణ నేర్చుకున్నాను. మా నాన్న బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించిన వీణ అది, ఒకే పనస దుంగలో తొలిచింది. పెళ్లయ్యాక గిటార్ బీరువా మీదికి, వీణ అటక మీదికి చేరాయి. ఉద్యోగాలు, ట్రాన్స్‌ఫర్లు, పాప చదువు, మా అత్తగారి అనారోగ్యం. ఆ ఇరవై మూడేళ్ల గురించి ఇక్కడ ఇంతకంటే రాయను.

2020 లాక్‌డౌన్‌లో ఒక సాయంత్రం ఆయన నాకు ఒక వీడియో చూపించారు. రెక్‌లెస్ ఎరిక్, ఏమీ రిగ్బీ అనే భార్యాభర్తలు. ఆయన ఇంగ్లండ్ మనిషి. 1977లో వచ్చిన ఒక్క పాటతో పేరు తెచ్చుకున్నాడు, అందులో ఉన్నవి రెండే కార్డ్‌లు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించేవి). ఆవిడ అమెరికన్, విడిగా తన పాటలు తాను రాసుకునేది. ఇంగ్లండ్‌లోని హల్ అనే ఊళ్లో ఒక రాత్రి ఆవిడ వేదిక మీద ఆయన పాటనే పాడింది, ఆయన అక్కడే ఉన్నాడు. అలా కలిశారు. ఇద్దరూ కలిసి చేసిన మొదటి ఆల్బమ్ 2008లో వచ్చింది. అప్పటికి ఆయనకు 54, ఆవిడకు 49.

ఆ వీడియో చూసిన ఏడాది నాకూ సరిగ్గా 49. వీడియో అయిపోయాక మా ఆయన ఏమీ అనలేదు, నేనూ అనలేదు. రెండో రోజు పొద్దున లేచేసరికి బీరువా మీద గిటార్ లేదు. హాల్లో కూర్చుని తీగలకు పట్టిన తుప్పు తుడుస్తున్నారు.

వీణ మాత్రం దక్కలేదు. తీగల కింద అడ్డంగా ఉండే మెట్లను నిలిపే మైనం ఎండి పగుళ్లిచ్చింది, కొన్ని మెట్లు ఊడి పక్కకు జరిగాయి. మేళం మళ్లీ కట్టించాలంటే, అంటే మెట్లను శ్రుతి ప్రకారం మైనంలో మళ్లీ నిలపాలంటే, తెలిసినవాళ్ల చేతికే ఇవ్వాలి, ఆ రోజుల్లో ఎక్కడికీ కదిలే వీలు లేదు. అప్పుడు ఆయన అన్నారు, "బేస్ గిటార్ పట్టుకో. దానికి కూడా నాలుగే తీగలు కదా."

నిజమే. వీణలో తాళం తీగలు మూడు తీసేస్తే వాయించేవి నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. చూపుడు వేలు, నడిమి వేలుతోనే మీటుతాం, బేస్‌కి కూడా ఆ రెండు వేళ్లే. అక్కడితో పోలిక అయిపోతుంది. వీణలో కిందికి మీటుతాం, బేస్‌లో తీగను పైకి లాగి వదలాలి. వీణ తీగల మధ్య ఒకచోట మధ్యమం దూరం (స నుంచి మ దాకా), ఇంకోచోట పంచమం దూరం (స నుంచి ప దాకా) ఉంటుంది. బేస్‌లో ఏ రెండు పక్క తీగల మధ్యయినా మధ్యమం దూరమే. అందుకే రెండో తీగ నుంచి మూడో తీగకు దిగినప్పుడల్లా నా వేలు తప్పు మెట్టు మీద పడేది. మూడు నెలలు పట్టింది ఆ తప్పు పోవడానికి. ఇక గమకం. అంత లావు తీగను పక్కకు లాగి పలికించే బలం నా వేళ్లకు లేదు. కానీ జారు పలుకుతుంది. ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టుకి వేలు ఎత్తకుండా జారిస్తే ఆ లావు తీగ ఒక మూలుగు మూలుగుతుంది, అది విన్న రోజు నాకు ఏడుపొచ్చింది. మామూలు బేస్‌కి తీగ పొడవు 34 అంగుళాలు. నా చేతికి అందదని 30 అంగుళాలది తీసుకున్నాం.

పాప 2022లో ఉద్యోగానికి పుణె వెళ్లింది. ఇంట్లో ఇద్దరమే మిగిలాం. ఆదివారం సాయంత్రం 4 నుంచి 6 దాకా ప్రాక్టీస్ అని పెట్టుకున్నాం. మాది మల్కాజిగిరిలో మూడో అంతస్తు. బేస్ మోత నేల గుండా దిగిపోతుంది, గిటారూ గొంతూ అంతగా దిగవు. యాంప్లిఫయర్ కింద జంపఖానా మడతపెట్టి వేశాం. అయినా కింద ఇంటి పెద్దాయన ఒకసారి మెట్ల దగ్గర ఆపి, "అమ్మా, నాకు మీది ఒక్కటే వినబడుతుంది, పోయిన వారం రెండుచోట్ల ఆగిపోయారు, ఈ వారం ఆగలేదు" అన్నారు. నా మొదటి శ్రోత ఆయనే.

అసలు కష్టం వేళ్లతో కాదు, కాలప్రమాణంతో వచ్చింది. బ్యాండ్‌లో డ్రమ్మర్ ఉంటే తాళం అతను పట్టుకుంటాడు, మిగిలినవాళ్లు అతన్ని పట్టుకుంటారు. ఇద్దరే ఉన్నప్పుడు ఎవరు పట్టుకోవాలి? ఫోన్‌లో డ్రమ్స్ యాప్ పెట్టి చూశాం. మూడో మనిషెవరో ఇంట్లో కూర్చుని బల్ల మీద కొడుతున్నట్టు అనిపించింది, తీసేశాం. నేను నేర్చుకున్న సంగీతంలో తాళం చేతిలో ఉంటుంది. ఇక్కడ రెండు చేతులూ తీగల మీదే ఉంటాయి.

"మీరు పరిగెడుతున్నారండీ" అని నేను. "లే, నువ్వే ఆగుతున్నవ్" అని ఆయన. ఇరవై ఏడేళ్లుగా రోడ్డు మీద నడిచేటప్పుడు కూడా ఇదే గొడవ. ఆయన పది అడుగులు ముందుంటారు, నేను వెనక. ప్రాక్టీస్ మధ్యలో నిజంగానే దెబ్బలాడుకున్నాం. రెండు ఆదివారాలు గిటార్లు బయటికి తీయలేదు.

చివరికి ఫోన్‌లో రికార్డు చేసి, దెబ్బలు సమంగా కొట్టే మెట్రోనోమ్ పక్కన పెట్టుకుని విన్నాం. పాట నిమిషానికి 92 దెబ్బలతో మొదలైంది, అయిపోయేసరికి 108. పల్లవి వచ్చినప్పుడల్లా ఆయన పరిగెత్తిన మాట నిజం. అదే రికార్డింగ్‌లో ఇంకోటి కూడా తేలింది. చరణంలో ప్రతి పాదం తర్వాత నేను అర దెబ్బ ఆలస్యంగా అందుకుంటున్నాను. ఇద్దరం తప్పే.

నా ఆలస్యానికి కారణం వెతకడానికి ఇంకో నెల పట్టింది. మనది అజంత భాష, మాట అచ్చుతో ముగుస్తుంది. రాగం తీయడానికి అంతకంటే ఏం కావాలి. నేను నేర్చుకున్న సంగీతం ఆ చివరి అచ్చును పట్టుకుని సాగదీయమంటుంది. కానీ ఈ పాటల్లో పాదం చివర గిటార్ ఠక్కున ఆగాలి, ఆయన అరచేత్తో తీగలు నొక్కి ఆపేస్తారు. ఆ నిశ్శబ్దంలో నా "ఆవూ..." ఒక్కటే వేలాడుతూ ఉంటుంది. అది ముగించి ఊపిరి పీల్చుకునేసరికి తర్వాతి పాదం మొదలైపోతుంది.

ఒక రాత్రి వంకాయలు తరుగుతున్నాను. ఆయన హాల్లో వాళ్ల తమ్ముడితో ఫోన్లో మాట్లాడుతున్నారు. "ఎటు పోయినవ్? పొద్దటి సంది చేస్తున్న" అన్నారు. ఆ "వ్" దగ్గర మాట తలుపు వేసినట్టు ఆగింది. కత్తిపీట వదిలేసి వెళ్లి ఆ మాట కాగితం మీద రాసుకున్నాను.

మా వైపు కూడా మామూలుగా మాట్లాడేటప్పుడు "ఎక్కడికెళ్లావ్" అనే అంటాం, అచ్చు మింగేస్తాం. కానీ పాటకు కూర్చోగానే నా నోరు దాన్ని "వెళ్లావూ" అని సాగదీస్తుంది, అది చిన్నప్పుడు పడ్డ అలవాటు. ఆయన భాష నేను సంగీతంతో నేర్చుకున్నది కాదు. మా అత్తగారి దగ్గర వంటింట్లో నేర్చుకున్నది. అందులో పాడితే ఆ అలవాటు నా నోటికి రాలేదు.

ఆ మాట మీదే పాట కట్టాం. 2004 నుంచి నాలుగేళ్లు నేను పాపతో హైదరాబాద్‌లో, ఆయన వాళ్లమ్మ దగ్గర హనుమకొండలో ఉన్నాం. శనివారం డ్యూటీ అయ్యాక కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వచ్చేవారు. 132 కిలోమీటర్లు. రైలు లేటైతే ఇంటికి చేరేసరికి పదకొండు దాటేది. నేను తలుపుకి గడియ పెట్టకుండా దగ్గరగా వేసి, అన్నం మీద పళ్లెం మూతపెట్టి కూర్చునేదాన్ని. పాటలో ఉన్నది అంతే.

తలుపు తీసి పెట్టిన, ఎటు పోయినవ్
అన్నం వండి పెట్టిన, ఎప్పుడొస్తవ్

రాసేటప్పుడు భయపడ్డాను. ఈ భాషను సినిమాల్లో ఏళ్ల తరబడి ఎక్కువగా విలన్లకీ కమెడియన్లకీ ఇచ్చారు. విజయనగరం నుంచి వచ్చినదాన్ని నేను పాడితే అది వెక్కిరింతలా వినబడకూడదు. ఆయన్ని సూటిగానే అడిగాను. కాసేపు ఆలోచించి, "నువ్వు మా అమ్మతోని ఎట్ల మాట్లాడినవో గట్లనే పాడు. యాక్టింగ్ చెయ్యకు" అన్నారు. మా అత్తగారు పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆవిడకు వినబడేలా పాడాలని ఆ తర్వాత నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

పోయిన నవంబర్‌లో మొదటిసారి బయట వాయించాం. అంతకుముందు బంజారాహిల్స్‌లోని లమకాన్ అనే కళావేదికలో ఓపెన్ మైక్‌లు (ఎవరైనా వచ్చి పాడగలిగే కార్యక్రమాలు) నాలుగైదు చూసి వచ్చాం, ఎవరు ఎలా నిలబడుతున్నారో తెలుసుకోవడానికి. మాకు చోటు దొరికింది సైనిక్‌పురిలో ఒక చిన్న కెఫేలో. ముప్పై మంది ఉంటారు, అందరూ మా పాప వయసువాళ్లే. మాకు పది నిమిషాలు ఇచ్చారు. అక్కడ యాంప్లిఫయర్ ఒక్కటే ఉంది, అది గిటార్‌కి పోయింది. నా బేస్‌ని నేరుగా సౌండ్ మిక్సర్‌కి కలిపారు. శబ్దం జనం వైపున్న స్పీకర్లలోకి వెళుతుంది గానీ నా వైపుకి రాదు. నేను ఏం వాయిస్తున్నానో నాకే వినబడటం లేదు.

టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ఆయన వైపు చూశాను. అప్పటికే తొలి కార్డ్ కొట్టేశారు, ఆపడానికి వీల్లేదు. బేస్‌లో అన్నిటికంటే లావు తీగను ఊరికే మీటితే సెకనుకి 41 సార్లు ఊగుతుంది. అది చెవికంటే ముందు ఒంటికి తెలుస్తుంది. బేస్ చెక్కని పొట్టకి గట్టిగా ఆనించుకున్నాను. ఆ అదురుని బట్టి నా స్వరం సరిగ్గానే ఉందని తెలిసింది, ఆయన ఎడమ కాలి చెప్పు నేలను తాకడాన్ని బట్టి తాళం తెలిసింది. రెండో చరణం దగ్గర ఆయన కాలు తొందరపడబోయింది. నేను కదల్లేదు, నా దెబ్బ నా చోటే వేశాను. ఆయన తలెత్తి నన్ను చూసి వెనక్కి వచ్చారు. ఇరవై ఏడేళ్లలో నా కోసం ఆయన రోడ్డు మీద ఎన్నిసార్లు ఆగి ఉంటారో నాకు గుర్తులేదు. ఆ రోజు మాత్రం ఆగారు, నేను చూశాను.

అయిపోయాక ఒక అమ్మాయి వచ్చి "ఆంటీ, మీది వరంగలా?" అని అడిగింది. అత్తగారిల్లు అని చెప్పాను.

ఆ పాట చివర ఇప్పుడు ఇంకో ముక్క కలిపాం. నేను "ఎప్పుడొస్తవ్" అని అడిగాక గిటార్ ఆగదు, ఆయన అందుకుని "వస్తున్న, వస్తున్న" అని నాలుగుసార్లు పాడతారు. ఆయన ఎప్పుడూ పాడింది లేదు, నేను పట్టుబట్టి పాడించాను. నిన్నటి ప్రాక్టీస్ రికార్డు చేసి విన్నాం. 94తో మొదలైంది, ఆ చివరి ముక్క దాకా 94 మీదే ఉంది. "వస్తున్న" దగ్గరికి వచ్చేసరికి 97.

"మళ్ల ఉరికిన, ఇంకోసారి చేద్దాం" అన్నారు. వద్దన్నాను. రైలు దిగి ఇంటికి వస్తున్న మనిషి ఆ మాత్రం తొందరపడతాడు. ఆ మూడు దెబ్బలూ అలాగే ఉంచాం.