హల్క్ 181తో ఐదు పుస్తకాల బ్యాచ్: తనిఖీ నుంచి అమ్మకం దాకా

ఈ బ్యాచ్‌లో ఐదు మార్వెల్ కామిక్స్ ఉన్నాయి. టూంబ్ ఆఫ్ డ్రాక్యులా 10 (1973 జూలై) బ్లేడ్ తొలిసారి కనిపించిన సంచిక. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 129 (1974 ఫిబ్రవరి) పనిషర్‌ది. ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181 (1974 నవంబరు) వుల్వరిన్‌ది. 180వ సంచికలో ఆఖరి ప్యానెల్‌లో మాత్రం కనిపించి, 181లో కథంతా నడుస్తాడు కాబట్టి ధర 181కే ఎక్కువ. మిగతా రెండూ 1975వి: జైంట్ సైజ్ ఎక్స్‌మెన్ 1, మూన్ నైట్ తొలి సంచిక అయిన వేర్‌వుల్ఫ్ బై నైట్ 32. అన్నీ రా కాపీలే, అంటే ప్లాస్టిక్ పెట్టెలోకి ఎక్కనివి. ఐదింటినీ గ్రేడింగుకు, అంటే స్థితికి అంకె వేయించి పెట్టెలో మూయించడానికి, పంపేయాలన్నది మొదటి ఆలోచన. తనిఖీ అయ్యేసరికి రెండే మిగిలాయి. ఎందుకో వారాల వారీగా రాస్తున్నాం.

మొదటి వారం: బల్ల మీద తనిఖీ

అట్ట అందం చూసే ముందు పేజీలు లెక్కపెట్టాలి. మామూలు సంచికలో లోపల 32 పేజీలు, అంటే మధ్యలో మడిచిన 8 షీట్లు, పైన అట్ట మరో షీటు. హల్క్ 181లో అసలు గండం ఉత్తరాల పేజీలో ఉంటుంది. 1974 మార్చి తేదీ సంచికల నుంచి మార్వెల్ వాళ్లు ఆ పేజీలో వాల్యూ స్టాంపులు అచ్చువేసి, కత్తిరించి ఆల్బంలో అతికించుకోమన్నారు. పిల్లలు బుద్ధిగా కత్తిరించారు. 181లో ఉన్నది 54వ నంబరు స్టాంపు, దాని మీద షానా అనే పాత్ర బొమ్మ. స్టాంపు లేని కాపీకి గ్రేడింగు సంస్థ సీజీసీ ఆకుపచ్చ లేబుల్ (పెద్ద లోపం విడిగా రాసినది) ఇస్తుంది, లేదా మామూలు నీలం లేబుల్ మీదే గ్రేడు బాగా దించేస్తుంది. రెండింట్లో ఏదైనా ధర సగానికి కూడా నిలబడకపోవచ్చు.

స్టాంపు కనబడింది కదా అని ఆగిపోకూడదు. వేరే చవక కాపీ నుంచి ఆ షీటు తీసి ఇందులో దూర్చిన పుస్తకాలు తిరుగుతుంటాయి. పట్టుకోవడానికి మూడు గుర్తులు: ఆ షీటు రంగు పక్క పేజీల కన్నా తెల్లగానో గోధుమగానో ఉంటుంది, పిన్ను రంధ్రాలు పక్క షీట్ల రంధ్రాలతో సరిగ్గా కలవవు, అంచు ఒక వెంట్రుకవాసి లోపలికో బయటికో ఉంటుంది. మా 181లో స్టాంపు ఉంది, రంధ్రాలు కలిశాయి, నడిమి షీటు రెండు పిన్నులకూ పట్టే ఉంది. స్పైడర్‌మ్యాన్ 129 స్టాంపులు మొదలవడానికి ఒక నెల ముందుది కాబట్టి అందులో ఈ వెతుకులాట లేదు. వేర్‌వుల్ఫ్ 32లో మాత్రం చూడాలి.

తర్వాత యూవీ టార్చి. చీకటి గదిలో అట్ట మీద వేస్తే, తర్వాత పూసిన రంగు చుట్టూ ఉన్న పాత సిరా కన్నా వేరుగా, ఎక్కువసార్లు నల్లటి మచ్చలా కనిపిస్తుంది. అట్ట లోపలి వైపు తిప్పి చూడటం ఇంకా నమ్మకమైన పద్ధతి. వెన్ను మీది తెల్ల గీతలకు ఎవరైనా మార్కర్ పూసి ఉంటే ఆ సిరా కాగితంలోంచి వెనక్కి ఇంకుతుంది. స్పైడర్‌మ్యాన్ 129 ఇక్కడే ఆగిపోయింది: వెన్ను కింది భాగంలో రెండు అంగుళాల మేర నల్ల మార్కర్ ఉంది. పంపితే ఊదా రంగు లేబుల్, అంటే రెస్టోర్డ్ (తర్వాత మరమ్మతు చేసినది). ఇంత చిన్న మార్కర్ ముద్ర ఒక మంచి కాపీ ధరను ఎంతో కిందికి లాగేస్తుంది, అదే ఈ పనిలో అన్నిటికన్నా బాధపెట్టే విషయం. ఈ కాపీని మార్కర్ సంగతి ఫొటోతో సహా చెప్పి రాగానే అమ్ముతాం. చెప్పకుండా అమ్మడం మోసం.

అంచులు కత్తిరించారేమో కూడా కొలవాలి. అట్ట అంచు, లోపలి పేజీల అంచు ఒకేలా కొత్తగా, పదునుగా ఉండి, మూలలు మాత్రం అరిగి ఉంటే అనుమానించాలి. స్కేలుతో మూడు చోట్ల వెడల్పు కొలిచి అదే సంచిక ఇంకో కాపీతో పోల్చడం తేలిక. ఒక్క కొలతతో తేల్చకండి. ఆ రోజుల్లో అచ్చువేసిన చోటే కోత సరిగా ఉండేది కాదు.

డ్రాక్యులా 10లో నడిమి షీటు పై పిన్ను నుంచి ఊడి ఉంది, కింది పిన్ను చుట్టూ తుప్పు కాగితంలోకి పాకింది. తుప్పు ప్రెస్సుకు, అంటే వేడితో నొక్కి ముడతలు తీసే పనికి, పోదు. ఈ పుస్తకం గ్రేడు 4.0 దాటదని అంచనా.

గ్రేడు అంచనా

సీజీసీ స్కేలు 0.5 నుంచి 10.0 దాకా. ఈ సంస్థ 2000లో మొదలైంది, ఇప్పుడు ఫ్లోరిడాలోని సారసోటా కేంద్రంగా నడుస్తోంది. స్కేలు సమానమైన మెట్లు కాదు: 2.0 నుంచి 9.0 దాకా అరపాయింటు చొప్పున ఎక్కి, ఆ పైన 9.2, 9.4, 9.6, 9.8 అని దగ్గరగా వస్తాయి. ధర తేడా చూస్తే ఈ దగ్గర మెట్ల మధ్యే అగాధం ఉంటుంది.

అంచనాకు మేం వాడే పద్ధతి: పక్క నుంచి దీపం వేసి, అట్టను ఏటవాలుగా పట్టుకుని, లోపాలను రెండు వరుసల్లో రాస్తాం. రంగు చెదరని ముడతలు, వేలి నొక్కులు, వెన్ను ఒరగడం ఒక వరుస, ఇవి ప్రెస్సుకు లొంగుతాయి. రంగు లేచిపోయిన మడతలు, చిరుగులు, తుప్పు, నీటి మరకలు, ఊడిన ముక్కలు రెండో వరుస, ఇవి ఎప్పటికీ ఉంటాయి. రెండో వరుస ఒక్కటే చూసి గ్రేడు వేయాలి. అదే ఆ పుస్తకం చేరగల పైమెట్టు. హల్క్ 181కి అలా 7.0 వచ్చింది, ప్రెస్సు ముందు చూపుకి 6.0 లాగా ఉన్నా. వేర్‌వుల్ఫ్ 32కి 9.0.

ప్రెస్సు

ఈ భాగంలో తొందర పనికిరాదు. ముందు మెత్తని వినైల్ ఎరేజరు పొడితో అట్ట మీది మురికి తీశాం. సిరా ఎక్కువ ఉన్న చోట, ముఖ్యంగా ముదురు ఎరుపు, నలుపు మీద రుద్దితే రంగు ఎరేజరుకు అంటుతుంది, అక్కడ ఆపేయాలి. పొడి శుభ్రం, ప్రెస్సు రెండూ సీజీసీ దృష్టిలో రెస్టోరేషన్ కావు. నీళ్లు, రసాయనాలతో కడగడం మాత్రం రెస్టోరేషనే.

తేమ పెట్టె: మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అడుగున డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి పిండిన స్పాంజి, దానికి మూడు అంగుళాల పైన జాలీ, జాలీ మీద పుస్తకం, పక్కన తేమ కొలిచే హైగ్రోమీటరు. 70–75 శాతం దగ్గర కొన్ని గంటలు ఉంచాం. ఎక్కువసేపు ఉంచితే లోపలి న్యూస్‌ప్రింట్ అట్ట కన్నా ఎక్కువ తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. ఆ స్థితిలో వేడి తగిలితే అట్ట కుంచించుకుపోయి, కుడి అంచున పేజీలు అట్ట బయటికి తొంగిచూస్తాయి. అమెరికా సేకరణదారులు దీన్ని కోస్టాంజా అంటారు. వెనక్కి తిప్పలేని నష్టం ఇది. 1970ల పుస్తకాలకు తేమ తక్కువ, వేడి తక్కువ, సమయం ఎక్కువ.

పేర్పు కింది నుంచి: మందపాటి బోర్డు, సిలికాన్ రిలీజ్ పేపరు, పుస్తకం, మళ్లీ సిలికాన్ పేపరు, బోర్డు. పిన్నులున్న వెన్ను వైపు పుస్తకం మందంగా ఉంటుంది. అలాగే నొక్కితే పిన్నుల అచ్చు అట్ట మీద పడుతుంది, వెన్ను చదునై చీలుతుంది. అందుకని వెన్ను తప్ప మిగతా భాగానికి సరిపడా రెండు పొరల కార్డు అదనంగా వేసి మందం సమం చేశాం. నడిమి షీటులో ఒక తెల్ల కాగితం. డ్రై మౌంట్ ప్రెస్సు 155 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 12 నిమిషాలు, తర్వాత స్విచ్ ఆపి, మూత తీయకుండా రాత్రంతా. వేడిగా ఉన్నప్పుడు తీస్తే ముడత తిరిగి లేస్తుంది. బయటకు తీశాక రెండు రోజులు బరువు కింద ఉంచాం.

హల్క్ 181లో వెన్ను ఒరగడం పోయింది, వెనుక అట్ట మీది నొక్కుల్లో ఒకటి ఇంకా లీలగా కనిపిస్తోంది. రెండోసారి నొక్కలేదు. ప్రతి ప్రెస్సూ అట్ట మెరుపులో కొంత తీసుకుంటుంది.

జైంట్ సైజ్ ఎక్స్‌మెన్ 1 జోలికి పోలేదు. అది 68 పేజీల, జిగురుతో అతికించిన చదును వెన్ను పుస్తకం. వేడికి జిగురు మెత్తబడుతుంది, చల్లారాక పెళుసవుతుంది, తెరిచిన మొదటిసారే వెన్ను చీలుతుంది. దీనికి వేడి లేకుండా బరువు మాత్రమే, అదీ వారాల తరబడి. ఇప్పుడు ఆ బరువు కిందే ఉంది.

పంపాలా వద్దా: లెక్క

ఈ అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవి. ఒక పుస్తకం రాగా 120 డాలర్లకు పోతుంది, 8.0 పెట్టెలో 210కి పోతుంది అనుకోండి. రాగా అమ్మితే సుమారు 13 శాతం వేదిక రుసుము పోను చేతికి 104. గ్రేడు చేయిస్తే 210లో రుసుము 27, ప్రెస్సు 20, గ్రేడింగు, రాకపోకల వాటా 60 పోను మిగిలేది 103. నెలల తరబడి ఎదురుచూసి ఒక డాలరు నష్టం. అదే పుస్తకం 9.2 వచ్చి 380కి పోతే చేతికి 251. కాబట్టి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: రెండో వరుస లోపాలతో ఈ పుస్తకం ఏ మెట్టు దాకా వెళ్లగలదు, అంతకన్నా ఒక మెట్టు తక్కువ వచ్చినా ఖర్చు తేలుతుందా? డ్రాక్యులా 10 ఈ ప్రశ్న దగ్గర ఆగింది. హల్క్ 181 ఏ మెట్టు దగ్గరైనా తేలుతుంది, పైగా నకిలీ భయం ఉన్న పుస్తకానికి పెట్టె ఉండటమే కొనేవాడికి ధైర్యం.

ధర చూడటానికి జరిగిన అమ్మకాలే ఆధారం, అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు కావు. జీపీఏ, గోకలెక్ట్ లాంటి సైట్లలో గ్రేడు వారీగా అమ్మకాలు దొరుకుతాయి. మేం గత 90 రోజులవి చూస్తాం. అమ్మకాలు మూడు కన్నా తక్కువుంటే పక్క గ్రేడులు కూడా కలిపి చూస్తాం. 2021 నాటి శిఖర ధరలు చూపించి బేరం చేసేవాళ్లతో మాట పెంచుకోవద్దు. అదే గ్రేడులో పేజీల రంగు కూడా చూడాలి: 7.0 వైట్, 7.0 క్రీమ్ టు ఆఫ్‌వైట్ ఒకే ధరకు పోవు. సీజీసీ సెన్సస్ (ఏ గ్రేడులో ఎన్ని కాపీలున్నాయో చెప్పే పట్టిక) సంఖ్యను కొంచెం తగ్గించి చదవాలి, ఎందుకంటే పెట్టె పగలగొట్టి మళ్లీ పంపి, పాత లేబుల్ తిప్పి పంపకపోతే ఆ కాపీ రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

పంపడం, ఫలితం

ఒక్కో పుస్తకం సంచిలో, యాసిడ్ లేని బోర్డుతో, ఫారంలో రాసిన వరుసలోనే. సంచి మూతకు అంటించే టేపు చివర చిన్నగా మడిచి ఉంచాలి. లేకపోతే అవతల తీసేటప్పుడు జిగురు అట్టకు తగులుతుంది. రెండు పక్కలా పుస్తకం కన్నా అంగుళం పెద్ద అట్టముక్కలు, పెట్టెలో పెట్టె. ప్రకటించే విలువ నిజంగా ఉండాలి, రుసుమూ బీమా రెండూ దాని మీదే. అమెరికా పోస్టులో రిజిస్టర్డ్ మెయిల్ నిదానంగా వెళ్తుంది కానీ 50,000 డాలర్ల దాకా బీమా ఉంటుంది.

హల్క్ 181: 7.0, ఆఫ్‌వైట్ టు వైట్, అనుకున్నట్టే. వేర్‌వుల్ఫ్ 32: 8.5. గ్రేడర్ నోట్స్‌లో వెనుక అట్ట కింది మూల పొర విడిపోవడం రాశారు. పక్క దీపం ముందు అట్టకే వేసి, వెనుక అట్టను మామూలు వెలుతురులో చూడటం వల్ల తప్పింది. ఇకపై నాలుగు మూలలూ భూతద్దంతో చూసి ఫారంలో విడివిడిగా రాస్తున్నాం.

కొనేటప్పుడు పెట్టెను నమ్మే ముందు

లేబుల్ మీది సర్టిఫికేషన్ నంబరు సీజీసీ సైటులో కొట్టి, ఫొటో ఉంటే చుక్క చుక్కకూ పోల్చాలి. పాత పెట్టె తీసి కొత్తది వేసి ఇచ్చే సేవను వాడుకుని తక్కువ కాపీలను ఎక్కువ గ్రేడు లేబుల్ కిందికి చేర్చిన వ్యవహారం బయటపడ్డాక, 2024 ఆరంభంలో సీజీసీయే అనుమానిత నంబర్ల జాబితా ఇచ్చింది. పెట్టె అంచుల్లో పొగచారలు, పగుళ్లు, లోపలి సంచి జారి ఉండటం కనిపిస్తే అడగాలి. దూరం నుంచి వచ్చే పెట్టెల్లో పుస్తకం లోపల ఊగి మూలలు నలగడం కూడా ఉంది, పెట్టె బాగున్నా పుస్తకం చూడాలి.

పెట్టె గాలి చొరనిది కాదు. డాలస్‌లో ఏసీ గదిలో బాగున్నది విశాఖలోనో కాకినాడలోనో బీరువాలో పెడితే తేమ లోపలికి వెళ్లి పిన్నులు తుప్పుపడతాయి. సిలికా జెల్ పెట్టిన మూత డబ్బా, లోపల హైగ్రోమీటరు, 45–50 శాతం దగ్గర ఉంచాలి.

అమ్మకం ఎక్కడ

వేర్‌వుల్ఫ్ 32 ఈబేలో స్థిర ధరకు పెట్టాం. హల్క్ 181 వేలానికి వెళ్తుంది. హెరిటేజ్ లాంటి వేలం సంస్థలో కొనేవాడి మీద సుమారు 20 శాతం ప్రీమియం (అదనపు రుసుము) పడుతుంది కాబట్టి 1,200 ఖర్చు పెట్టగలవాడు 1,000 దగ్గరే చెయ్యి దించుతాడు. ధరల జాబితాలో చూసే అంకె ప్రీమియంతో కలిపినది. మీ వాటా అందులోంచి కాదు, వేలం పాట ఆగిన ధర నుంచి, అందులోనూ అమ్మేవాడి కమీషన్ పోను. ప్రీమియం లేని వేలం సంస్థలతో పోల్చేటప్పుడు రెండింటినీ చేతికొచ్చే మొత్తంలోకి మార్చుకోండి. అమెరికాలో పన్ను కడుతున్నవాళ్లు కొన్న రశీదు, ప్రెస్సు, గ్రేడింగు బిల్లులు దాచాలి. ఏడాదికి పైగా ఉంచుకున్న సేకరణ వస్తువుల లాభం మీద ఫెడరల్ పన్ను రేటు 28 శాతం దాకా వెళ్తుంది.

జైంట్ సైజ్ ఎక్స్‌మెన్ 1 బరువు కింద ఇది మూడో వారం. పై మూల వంపు సగం తగ్గింది, వెన్ను జిగురులో పగులు లేదు. ఆరు వారాలయ్యాక మళ్లీ పక్క దీపం కింద నాలుగు మూలలూ చూసి పైమెట్టు అంచనా వేస్తాం.