టీ నగర్ షాపింగ్ మధ్యలో అభ్యంగనం

పెళ్లి బట్టలకని చెన్నై వచ్చి, టీ నగర్‌లో తిరిగీ తిరిగీ కాళ్లు లాగేస్తుంటే ఆయుర్వేద అభ్యంగనం హాయిగా ఉంటుంది. గంటసేపు గోరువెచ్చని నువ్వుల నూనెతో మర్దన, ఆపైన 10 నిమిషాలు ఆవిరి. భోజనం చేశాక 2 గంటలైనా ఆగండి. నిండు పొట్టతో బోర్లా పడుకుంటే ఆయాసమే. బీపీ ఉన్నా, గర్భిణులైనా ముందే చెప్పాలి, ఆవిరి జోలికి పోకూడదు.

అసలు తిప్పలన్నీ జిడ్డు దగ్గరే. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట సబ్బు నురగే రాదు, సున్నిపిండి అడగండి. తలకు నూనె పెట్టించుకుంటే జుట్టు తడపకముందే షాంపూ పట్టించి, బాగా రుద్దాకే నీళ్లు పోయాలి. ముందే తడిపితే షాంపూ పలచబడి నూనె వదలదు. రాత్రి రైలుందా? తలకు వద్దనేయండి. చెన్నై సెంట్రల్ స్టేషన్‌కి సాయంత్రం ఆటో కన్నా టీ నగర్ పక్కనే ఉన్న మాంబళం స్టేషన్‌లో లోకల్ రైలెక్కి పార్క్ స్టేషన్‌లో దిగడం నయం, ఎదురుగానే సెంట్రల్.