ఆరు బెర్తులు, నలుగురు మనుషులు

తెరచాప బోటు ఎక్కిన రోజు మా ఆరుగురికీ కలిపి పదకొండు బ్యాగులు తేలాయి. వాటిలో మూడు చక్రాల సూట్‌కేసులు. మావారి స్నేహితుడు, ఆ బోటు ఆయనదే, సూట్‌కేసుల వంక కాసేపు చూసి, "అమ్మా, వీటిలో ఉన్నవన్నీ మెత్తటి సంచుల్లోకి మార్చేయండి, ఖాళీ పెట్టెలు ఒడ్డునే దాచిపెడదాం" అన్నారు. సంచి ఖాళీ అయితే మడిచి ఏ మూలనైనా దూర్చొచ్చు. పెట్టె నిండినా ఖాళీగా ఉన్నా ఒకటే చోటు పడుతుంది. ప్రయాణం మొదలవకముందే నేర్చుకున్న మొదటి సంగతి అది.

మేమిద్దరం, మా మరిది, మా తోటికోడలు, బోటు ఉన్న ఆ అన్నయ్యగారు, ఆయన భార్య వదిన. ఆరు రోజులు దీవుల మధ్య తిరిగి రావాలని ప్లాన్. ముందే ఆయన బోటు లోపలి బొమ్మ పంపించారు. ముందు భాగంలో ఇద్దరు పట్టే త్రికోణపు పడక, మధ్య గదిలో బల్లకి రెండు పక్కలా ఒక్కొక్కరు పడుకునే సోఫాలు, వెనక ఇద్దరికి ఒక క్యాబిన్. లెక్కపెడితే సరిగ్గా ఆరు. రైల్లో ఆరు బెర్తులుంటే ఆరుగురు పడుకుంటారు కదా, ఇదీ అంతే అనుకున్నాను.

ముప్పై మూడు అడుగుల బోటు, అంటే పది మీటర్లు. వెడల్పు బాగా ఎక్కువున్న చోట మూడు మీటర్లకి కాస్త పైన. ఒడ్డు నుంచి చూస్తే పెద్దగానే కనిపించింది. కానీ లోపలికి దిగి నిలబడితే, మనిషి నిటారుగా నడవగలిగే నేల మూడు మీటర్ల పొడవు, రెండడుగుల వెడల్పు మాత్రమే. మిగతాదంతా పడకలు, అరలు, పొయ్యి, ఇంజను, నీళ్ల ట్యాంకులు. బోటు ముందుకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి ముందు పడకలో మా ఇద్దరి తలలకీ చోటు బాగానే ఉండేది, కాళ్లు మాత్రం ఒకరివి ఒకరికి తగిలేవి.

కాక్‌పిట్‌లో, అంటే వెనకవైపు పైన కూర్చుని బోటు నడిపే చోట, చిన్న రేకు ఒకటి బిగించి ఉంది. అన్నయ్యగారు అందరినీ పిలిచి అది చూపించారు. యూరప్ నిబంధనల ప్రకారం తయారీదారు బిగించే రేకు అది. ఆ బోటుకి నడిసముద్రంలో ఆరుగురు, తీరం దగ్గర నెమ్మదైన నీళ్లలో ఎనిమిది మంది అని ఉంది. బోటు ఒకటే అయినా అల పెరిగేకొద్దీ మనుషుల లెక్క తగ్గుతుందన్న మాట. ఆ అంకె బరువుకీ, బోటు తిరగబడకుండా నిలవడానికీ సంబంధించినది. సుఖంగా ఉంటామా లేదా అన్నది దానికి పట్టదు. తర్వాత లైఫ్ రాఫ్ట్ చూపించారు, బోటు మునిగితే ఎక్కడానికి పెట్టుకునే తెప్ప. అదీ ఆరుగురిదే. రాఫ్ట్ లెక్కలో మనిషికి కేటాయించే నేల 0.372 చదరపు మీటర్లు, అంటే రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. 1972లో పసిఫిక్‌లో రాబర్ట్‌సన్ కుటుంబం బోటు తిమింగలాల దెబ్బకి మునిగినప్పుడు ఆరుగురు రాఫ్ట్ ఎక్కారట. అది పాడైపోయాక డింగీ అనే చిన్న పడవలోకి మారి, మొత్తం 38 రోజులు సముద్రం మీదే బతికారు. "ఈ రాఫ్ట్ పట్టేంత మందికి మించి ఒక్కరిని కూడా ఎక్కించుకోను" అన్నారు అన్నయ్యగారు. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది.

మొదటి రోజు సాయంత్రం దాకా అంతా పండగే. ఇంజను ఆపి తెరచాపలు ఎత్తగానే వచ్చిన ఆ నిశ్శబ్దం నేను ఎప్పటికీ మర్చిపోను. నీళ్లు బోటు పక్కనుంచి జారే శబ్దం తప్ప ఏమీ లేదు. కాక్‌పిట్‌లో ఆరుగురం వరసగా కూర్చున్నాం. అందరం వెనకే చేరేసరికి బోటు వెనక భాగం కాస్త కిందికి దిగిందని వదిన గమనించింది. అయిదు టన్నుల బోటు కదా, మనుషుల బరువు ఏపాటి అనుకుంటాం. మనిషికి 75 కిలోల చొప్పున ఆరుగురు 450 కిలోలు, అదంతా ఒక కొసన.

గాలి ఎటునుంచి వస్తుందో అటే సూటిగా తెరచాప బోటు వెళ్లలేదు. కాసేపు ఒక పక్కకి, కాసేపు ఇంకో పక్కకి వంకర్లు తిరుగుతూ వెళ్లాలి. తిరిగిన ప్రతిసారీ ముందు తెరచాప తాడు ఒక పక్క వదిలి, రెండో పక్క విన్చ్ మీద, అంటే తాడు బిగించే గిరక మీద, చుట్టి లాగాలి. ఆ రెండు విన్చ్‌ల ముందూ మేమే కూర్చున్నాం. "కాళ్లు తియ్యి", "తల వంచు", "అటు జరుగు" అని ప్రతి పది నిమిషాలకీ గందరగోళం. పని చేసేవాళ్లు ఇద్దరు, తప్పుకునేవాళ్లు నలుగురు. మా మరిది నేర్చుకోవాలని ఎంతో ఆశగా వచ్చాడు. తాడు దగ్గరికి చెయ్యి చాపడానికే చోటు దొరకలేదు పాపం.

రాత్రి లంగరు వేశాక నాకు అసలు సంగతి అర్థమైంది. మాకు ముందు గది ఇచ్చారు, మరిది వాళ్లకి వెనక గది ఇచ్చారు. అన్నయ్యగారు, వదిన మధ్య గదిలో సోఫాల మీద పడుకున్నారు. సోఫా మీద పడుకునే మనిషికి గది లేదు. మేమంతా కబుర్లు ఆపి లేచేదాకా వదిన పడుకోవడానికి లేదు, పొద్దున ఎవరు ముందు టీ పెట్టుకుంటే ఆవిడా అప్పుడే లేవాలి. అర్ధరాత్రి నేను బాత్రూంకి వెళ్లాలన్నా వాళ్లిద్దరి మధ్యలోంచే. పైగా పగలంతా పడకల మీద ఉండే సంచులు రాత్రి ఎక్కడికో పోవాలి, పొద్దున మళ్లీ వెనక్కి రావాలి. ఈ సంచుల సర్దుడుకే రోజూ గంట పట్టేది. బొమ్మలో ఆరు పడకలు కనిపించాయి కానీ ఆరుగురి సంచులు ఎవరూ గీయలేదు.

నీళ్ల ట్యాంకు 200 లీటర్లు. మనిషికి రోజుకి అయిదు లీటర్లు అనుకుంటే ఆరుగురికి ఆరు రోజులకి 180. లెక్క సరిపోయింది, మేమే సరిపోలేదు. మర్నాడు పొద్దునకే పావు ట్యాంకు అయిపోయింది. ఎవరూ దుబారా చేయలేదు, ఇంట్లో చేతులు కడుక్కున్నట్టే కడుక్కున్నారు, అంతే. అప్పటినుంచి గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి, చివర్న మాత్రం మంచినీళ్లతో తొలిపాం. మురుగు నిలవుండే బాత్రూం ట్యాంకు సంగతి ఇంకా గట్టిది. అది 50 లీటర్లు. చేత్తో పంపు కొట్టి సముద్రపు నీళ్లతో శుభ్రం చేయాలి, ఒక్కోసారికి రెండు లీటర్లయినా లోపలికి పోతాయి. ఆరుగురు రోజుకి అయిదేసి సార్లు అనుకోండి, ఒక్క రోజులో నిండిపోతుంది. అందుకే రెండో రోజు మేము వెళ్లాలనుకున్న దీవి వదిలేసి, ట్యాంకు ఖాళీ చేసే సౌకర్యం ఉన్న హార్బర్‌కి వెళ్లాల్సి వచ్చింది. మా దారిని గాలి కన్నా ఎక్కువగా ఆ ట్యాంకే నిర్ణయించింది.

మూడో రోజు వాన పట్టుకుంది. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా ఆగలేదు.

పై కిటికీలు అన్నీ మూసేశాం. ఆరుగురి ఊపిరి, తడిసిన జాకెట్లు, గ్యాస్ పొయ్యి ఆవిరి కలిసి మధ్యాహ్నానికల్లా గోడలకి చెమట పట్టింది. పరుపుల అంచులు చెమ్మగిల్లాయి. బల్ల చుట్టూ ఆరుగురం కూర్చుంటే ఒకరు లేవడానికి ముగ్గురు మోకాళ్లు ఎత్తాలి. ఎవరూ ఎవరి మీదా విసుక్కోలేదు, ఆ మాట మాత్రం చెప్పి తీరాలి. పేకాడాం, పాటలు పాడాం. కానీ మాట్లాడకుండా ఒక్కరమే ఒక అరగంట ఉండే చోటు ఆ బోటులో ఎక్కడా లేదు.

బాత్రూం తలుపు భోజనాల బల్లకి మీటరు దూరం. పలచటి చెక్క తలుపు, లోపల ఏం జరిగినా బయటికి వినిపిస్తుంది. సాయంత్రం మా తోటికోడలు తలనొప్పి అని వెళ్లి పడుకుంది. సముద్రం పడలేదేమో అనుకున్నాం. నేను వెళ్లి పక్కన కూర్చుంటే మెల్లిగా చెప్పింది, "అక్కా, పొద్దున్నుంచి నేను నీళ్లు తాగలేదు. అందరూ అక్కడే కూర్చుని ఉంటే లోపలికి వెళ్లడానికి సిగ్గేసింది." నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఇంటి పిల్ల నా పక్కనే కూర్చుని రోజంతా దాహంతో ఉంటే నేను చూసుకోలేదు. అప్పటికప్పుడు మగవాళ్లని ముగ్గురినీ జాకెట్లు వేసుకుని పైకి వెళ్లమన్నాను. వానలో నిలబడి వాళ్లు లంగరు చూస్తున్నట్టు కాసేపు అక్కడే ఉన్నారు. ఆ తర్వాత రోజుకి నాలుగుసార్లు అలా పైకి పంపడం మాకో నియమం అయింది.

ఆ రాత్రి అన్నయ్యగారు నావికుల పాత మాట ఒకటి చెప్పారు. చిన్న బోటు అంటే ఆరుగురు కూర్చుని తాగడానికి, నలుగురు తినడానికి, ఇద్దరు పడుకోవడానికి అని. నెలల తరబడి బోటులోనే కాపురం ఉండేవాళ్లకి ఆ ఇద్దరు అన్న లెక్క సరైనదే అనుకుంటాను. కానీ వారం రోజుల ప్రయాణానికి అది మరీ పిసినారి లెక్క.

నాలుగో రోజు మధ్యాహ్నం మరిదినీ తోటికోడలినీ ఒక హార్బర్‌లో దింపేశాం. వాళ్లకి సెలవు అంతవరకే ఉంది, ఫెర్రీ టికెట్లు ముందే తీసుకున్నారు. వాళ్లు చెయ్యి ఊపుతుంటే గుండె బరువెక్కింది. కానీ గంట తర్వాత లోపలికి దిగి చూస్తే బోటు ఇంకోలా ఉంది. మేము వెనక గదిలోకి మారాం. ముందు గది సంచులకీ, తడి జాకెట్లకీ, అదనపు తెరచాపకీ సామాన్ల కొట్టు అయింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి బల్ల మీద ఏమీ లేదు. వదిన సోఫా మీద కాళ్లు చాపుకుని పుస్తకం తీసింది. ఇష్టమైన మనుషులు వెళ్లిపోతే ఇంత హాయిగా అనిపించిందేమిటా అని నాకు బాధ వేసింది. అదే పైకి అంటే వదిన, "తప్పు వాళ్లది కాదు, మనదీ కాదు. వాళ్లుండి మీరు దిగినా ఇలాగే ఉండేది" అంది.

తిరుగు ప్రయాణం రాత్రంతా నడపాలి. బోటు పదిహేను, ఇరవై డిగ్రీలు ఒక పక్కకి ఒరిగి పరుగెత్తుతోంది. ముందు గదిలోకి సంచి తేవడానికి వెళ్తే ప్రతి అలకీ నేల కిందికి జారి మళ్లీ వచ్చి గుద్దుకుంటోంది. అక్కడ ఎవరూ పడుకోలేరు. ఎత్తు పక్క సోఫా మీద పడుకుంటే దొర్లి కింద పడతాం, దాని అంచుకి మందపాటి గుడ్డ కట్టుకుంటే తప్ప. ఇక నిజంగా నిద్ర పట్టేవి పల్లం వైపు సోఫా, వెనక క్యాబిన్‌లో ఒక పక్క. లంగరు మీద ఆరు పడకలున్న బోటుకి నడిసముద్రంలో రెండున్నర పడకలే ఉన్నాయి.

మేము నలుగురం రెండు జట్లయ్యాం. అనుభవం ఉన్న ఒకరు, లేని ఒకరు. నేను అన్నయ్యగారితో, మావారు వదినతో. మూడేసి గంటలు కాపలా, మూడేసి గంటలు నిద్ర. ఇద్దరు పైన ఉంటే కింద ఇద్దరే, రెండు పడకలు సరిగ్గా చాలాయి. ఆరుగురం ఉంటే మూడు జట్లయ్యేవాళ్లం, ఒక్కొక్కరికి వరసగా ఆరు గంటల నిద్ర దొరికేది, అది ఒప్పుకోవాలి. కానీ కింద నలుగురు ఎక్కడ పడుకునేవాళ్లో నాకు తోచలేదు.

తెల్లవారుజామున చుక్కాని నా చేతికిచ్చి అన్నయ్యగారు జాషువా స్లోకమ్ గురించి చెప్పారు. 1895లో బయల్దేరి 1898లో తిరిగొచ్చిన ఆయన, ప్రపంచాన్ని తెరచాప బోటులో ఒంటరిగా చుట్టొచ్చిన మొదటి మనిషి. ఆయన బోటు 36 అడుగుల 9 అంగుళాలు. మాకన్నా పెద్ద బోటులో ఒకే ఒక్క మనిషి, మూడేళ్లు! ఆయనకి కావలసింది ఆయన తీసుకున్నాడు. నాకు మాత్రం చీకట్లో టీ కప్పు అందించే చెయ్యి పక్కన ఉండాలి.

రేవు చేరగానే మరిదికి ఫోన్ చేశాను. "వదినా, నేను విన్చ్ ఒక్కసారి కూడా తిప్పలేదు" అన్నాడు. వచ్చే ఏడాదికి అప్పుడే నిర్ణయించేశాం. మొదటి మూడు రోజులు వాళ్లిద్దరూ అన్నయ్యగారు, వదినలతో వెళ్తారు. మేమిద్దరం ఫెర్రీలో వెళ్లి ఆ హార్బర్‌లోనే ఎక్కుతాం, వాళ్లు దిగుతారు. ఆ ఒక్క సాయంత్రం మాత్రం ఆరుగురం కలిసి కాక్‌పిట్‌లో భోజనం చేస్తాం.