22వ నిమిషంలో చేతులెత్తేస్తున్న లిక్విడ్ కూలర్

మళ్లీ అదే గొడవ. రాత్రి భోజనం అయ్యాక 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో సీపీయూ (ప్రాసెసర్), జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) రెండింటికీ కలిపి పెద్ద రెండర్ పెట్టాను, అంటే తుది బొమ్మలు లెక్కగట్టే పని. మొదటి పది నిమిషాలు సీపీయూ 89 డిగ్రీలు దాటలేదు. ఈసారి గట్టెక్కాం అనుకుంటుండగానే 22వ నిమిషంలో 95 తగిలింది, ఈ చిప్ తట్టుకునే హద్దు అది. ఫ్యాన్లు హోరెత్తాయి, క్లాక్ (చిప్ వేగం) 5.0 నుంచి 4.8 గిగాహెర్ట్జ్‌కి జారింది. నీళ్లతో చల్లబరిచే కూలర్, దానికి 240 మి.మీ. రేడియేటర్ పెట్టుకుంది ఈ సంబడానికా?

లోపల ఉన్నవి రైజెన్ 7 7700ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు. రేడియేటర్ క్యాబినెట్ పైభాగంలో, గాలి బయటికి పోయేలా బిగించాను. పీపీటీని, అంటే ప్రాసెసర్ లాగే కరెంటు పరిమితిని, 142 వాట్ల నుంచి 110కి ఎప్పుడో దించేశాను. బెజవాడలో మే నెలలో 142 వదిలేస్తే మొదటి నిమిషంలోనే 95 కొడుతుంది. పైగా మాది పై అంతస్తు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండు దాకా సెగ దించుతూనే ఉంటుంది. రెండర్ మొదలైనప్పుడు గదిలో 36.5 డిగ్రీలు, ముగిసేసరికి 38.5. తలుపు వేసుకున్న గదిలో మూడొందల వాట్లు వదులుతుంటే ఇంకేమవుతుంది?

ప్రాసెసర్ వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ మైనస్ 20 నిలబడింది. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌పో సెట్టింగు కూడా ఓకే. వాటితో పేచీ లేదు.

మొదట కూలర్‌లో నీళ్లు తిప్పే పంప్‌ని అనుమానించాను. పూర్తి వేగానికి పెంచితే తగ్గింది ఒక్క డిగ్రీ. చిప్‌కీ కూలర్‌కీ మధ్య వేడి దాటించే పేస్ట్ తుడిచి ఎమ్ఎక్స్-6 రకం మళ్లీ రాశాను, ఏ మార్పూ లేదు. అప్పుడు అంకెలన్నీ పక్కపక్కన రాసుకుని చూస్తే సంగతి బయటపడింది. మొదట్లో నీళ్లు 39, సీపీయూ 82. పదో నిమిషంలో 46, 89. ఇరవై రెండులో 52, 95. తేడా ఎప్పుడూ 43 దగ్గరే ఉంది. అంటే చిప్ నుంచి నీళ్లలోకి వేడి ఒకే తీరుగా వెళ్తోంది, పంప్‌దీ పేస్ట్‌దీ తప్పు లేదు. పెరుగుతున్నది నీళ్ల వేడి ఒక్కటే. నీళ్లు మెల్లగా కాగుతాయి కాబట్టి ప్రాసెసర్ సత్తా చూసే పది నిమిషాల సినీబెంచ్ టెస్టులో ఇది కనిపించదు.

మరి నీళ్లెందుకు కాగుతున్నాయి? రేడియేటర్ కింద వైరు థర్మామీటర్ వేలాడదీస్తే అక్కడి గాలి 45. గ్రాఫిక్స్ కార్డు వదిలే 200 వాట్ల వేడి తిన్నగా రేడియేటర్‌లోకే పోతోంది! పక్క ప్యానెల్ తీస్తే నీళ్లు 48కి దిగాయి. రేడియేటర్‌ని క్యాబినెట్ ముందువైపుకి మార్చి బయటి గాలి లాక్కునేలా పెడితే 46, సీపీయూ 89. కానీ ఆ వేడి గాలి తగిలి కార్డు 74 నుంచి 79కి ఎక్కింది. ఫ్యాన్లు 1800 ఆర్‌పీఎమ్‌కి పెంచితే ఇంకో రెండు డిగ్రీలు తగ్గేవేమో, కానీ ఆ చప్పుడుకి పక్కగదిలో నాన్నగారికి నిద్ర ఉండదు.

పోటీకి నీళ్లు లేకుండా ఫిన్లు, ఫ్యాన్లతోనే చల్లబరిచే ఎయిర్ కూలర్, థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ పెట్టి చూశాను. ఐదో నిమిషానికే 93కి చేరి అక్కడే ఆగిపోయింది. అంటే రేడియేటర్ పైన ఉన్నప్పటితో పోలిస్తే అరగంట పనికి రెంటికీ తేడా ఒకటి రెండు డిగ్రీలే. ఈ ప్రాసెసర్‌లో కోర్లున్న ముక్క సుమారు 70 చదరపు మిల్లీమీటర్లే, దాని మీద మందపాటి మూత. అసలు ఇరుకు అక్కడుంది, మూత పైన ఎంత పెద్ద రేడియేటర్ పెడితే ఏం లాభం? ఖర్చు చూసినా నా ఓటు థర్మల్‌రైట్‌కే. ఇంకో ఎయిర్ కూలర్ నాక్టువా ఎన్‌హెచ్-డీ15 గొప్పదే, కానీ దాని ఎత్తు 165 మి.మీ., నా క్యాబినెట్‌లో 160కే జాగా ఉంది. ఆ ధరకి థర్మల్‌రైట్‌లు రెండు మూడు వస్తాయి కూడా. యూట్యూబ్ రివ్యూలు 20, 25 డిగ్రీల గదుల్లో చేస్తారు. వాళ్లకి 70 వచ్చిందంటే ఇక్కడ 85 అనుకోవాలి.

పీపీటీ 88కి దించితే ఎయిర్ కూలర్‌తోనే 83 దగ్గర నిలిచింది. 41 నిమిషాల రెండర్ 42 అయింది, అంతే. లిక్విడ్ కూలర్ ప్రస్తుతం అట్టపెట్టెలో ఉంది. ఏసీ గదిలో పెట్టుకునేవాళ్లకి, 200 వాట్లు దాటే ప్రాసెసర్లున్నవాళ్లకి అది పనికొస్తుందని ఇప్పటికీ అంటాను.

గదిలో గడ్డి కూలర్ పెట్టమని తమ్ముడి సలహా. కృష్ణ ఒడ్డున అసలే ఉక్క, దానికి తడిగాలి తోడైతే ఫిన్ల మీద దుమ్ము బంకలా పట్టేస్తుంది. అది వద్దు. ఈ వారం కార్డు కిందకి ఇంకో 120 మి.మీ. ఫ్యాన్, వెనక ఫ్యాన్ నుంచి కిటికీ దాకా ఫోమ్ షీటుతో గొట్టం. గది 37 దాటకుండా ఉంటే పీపీటీ 95 దాకా పెంచి చూస్తాను. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎమ్5 సాకెట్‌కి కూలర్‌ని కాస్త పక్కకి జరిపి బిగించే ఆఫ్‌సెట్ పద్ధతి ఒకటుంది కదా, అది థర్మల్‌రైట్‌కి కుదురుతుందా అన్నది ఆ తర్వాత చూడాలి.