ముందు ఇంజను, తర్వాత సూత్రం

ఇంజనీరింగ్ అంటే భౌతికశాస్త్రాన్ని పనిలో పెట్టడమే కదా అని ఎవరైనా అంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. వరుస చాలాసార్లు తిరగబడింది. న్యూకోమెన్ ఆవిరి యంత్రం 1712లోనే పనిచేసింది. ఆవిరిని సిలిండర్ బయట వేరుగా చల్లబరిచే విడి కండెన్సర్‌కు జేమ్స్ వాట్ పేటెంట్ తీసుకున్నది 1769లో. అలాంటి యంత్రాల నుంచి గరిష్ఠంగా ఎంత పని రాబట్టవచ్చో ఫ్రెంచ్ ఇంజనీరు సాదీ కార్నో తేల్చింది 1824లో! అదీ వేడిని ఒక రకమైన ద్రవంగా ఊహించుకుని. అయినా ఆయన చెప్పిన హద్దు నేటికీ నిలిచే ఉంది.

గొట్టాల్లో నీటి ప్రవాహాన్ని లెక్కకట్టడం నా పని. నీరు పొరలు పొరలుగా సాగినంతసేపు సమీకరణాలే సమాధానం చెబుతాయి. రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహ వేగం, గొట్టం వ్యాసం, నీటి జిగట కలిపి కట్టే అంకె) సుమారు 2300 దాటాక సుడులు మొదలవుతాయి. అప్పుడు గొట్టాల్లో ఘర్షణ ఎంతో వక్రరేఖల్లో చూపే 1944 నాటి మూడీ చార్టు తీస్తాను. గొట్టం లోపలి గరుకుదనాన్ని వ్యాసంతో భాగించి, ఆ విలువ ఉన్న వక్రరేఖను కుడి అంచున పట్టుకుని, మన రేనాల్డ్స్ సంఖ్య వరకు ఎడమకు జరిగితే ఘర్షణ గుణకం దొరుకుతుంది. ఆ రేఖల వెనక ఉన్నవి గొట్టాల మీద చేసిన కొలతలు. (కంప్యూటర్ క్షణంలో చెబుతుంది, నిజమే. అది వాడేదీ ఆ కొలతలకు సరిపెట్టిన సూత్రాన్నే.)

అలాగని శాస్త్రం మాట జవదాటలేం. పైన పెట్టిన పంపు నీటిని పీల్చగలిగేది, సముద్రమట్టం దగ్గర, మహా అయితే 10 మీటర్లు. నీటిని పైకి నెట్టేది వాతావరణ పీడనమే మరి. పెద్ద మోటారు పెడదామంటారు కొందరు. పెట్టినా రాదు, పంపునే కిందికి దించాలి.